వేషం మీద చెప్పకూడని పేరు

మయూరదుర్గాన్ని కొండ మీంచి చూసినవాడు, దేవతలు ఎటో పోతూ అలసిపోయి దారిలో దించిన పట్టణమనుకుంటాడు. కోటగోడల పొడుగునా పురివిప్పిన రాతి నెమళ్ళు, ఆ నెమళ్ళ కళ్ళలో పచ్చలు. పొద్దుటెండ సోకితే ఆ పచ్చల కాంతి బజారు మీద పడి, బండిచక్రాలు కూడా ఆకుపచ్చగా తిరుగుతాయి. రాజవీధికి ఇరువైపులా పొన్నచెట్లు. మేడల చూరుల కింద గంధపునీళ్ళు చిమ్మే రాతి ఏనుగులు. నడివీధిలో పూలంగళ్ళు, వాటి వెనక వీణలు చేసేవాళ్ళ ఇళ్ళు. ఇంత అందం మధ్య బతుకుతున్న ఆ ఊరి జనం మాత్రం తలలు దించుకుని నడిచేవారు. తల ఎత్తితే ఏ కాకి కంట పడతామోనని వాళ్ళ భయం.

కాకి అంటే పిండం ముట్టే కాకి కాదు. కాకిదండు. రాజు గజకేతుడు అన్నగారి సింహాసనాన్ని ఆక్రమించిన రోజున, అసలు వారసుడైన రాకుమారుడు జయధ్వజుడు కోట దాటి మాయమైపోయాడు. అతణ్ణి వెతకడానికి రాజుగారి మంత్రీ, మహామాంత్రికుడూ అయిన కాలజంఘుడు నల్లశాలువాల దండునొకదాన్ని పుట్టించి, తలపాగాల్లో కాకి ఈకలు గుచ్చి ఊరి మీదికి వదిలాడు. దానికొక శాసనం కూడా వేశాడు. అనుమానం వస్తే పట్టుకోవచ్చు. ఎవరికి రావాలి అనుమానం? కాకిదండుకి. ఎప్పుడు వదిలిపెట్టాలి? అనుమానం తీరినప్పుడు. అది ఎప్పుడు తీరుతుందో శాసనంలో చెప్పలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి పట్టుకోవాలని మనకో సామెత ఉంది. కాకిదండు న్యాయం దాన్ని మించింది. వాళ్ళు తడుముకున్నవాణ్ణీ పట్టుకున్నారు, తడుముకోనివాణ్ణీ పట్టుకున్నారు, ఎందుకు తడుముకోలేదని.

ఆ ఉదయం ఉత్తరద్వారం వైపు నల్లగుర్రం మీద ఒక రౌతు వస్తుంటే బజారులో తలుపులు ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి. మెడలో పులిగోళ్ళ పట్టెడ, నడుముకు పొడుగాటి కత్తీ, చేతికి ఇనుప ముద్రికా, ఎడమ బుగ్గ మీద కంటి దగ్గర నుంచి దవడ దాకా కాలిన మచ్చా. ఆ మచ్చను బట్టే జనం అతణ్ణి పోల్చుకున్నారు. సరిహద్దు కోట నుంచి రావలసిన కరాళదత్తుడు అతనే. ఏడ్చే పసిబిడ్డ ఆ పేరు వింటే ఏడుపు మానుతుందంటారు. పెద్దవాళ్ళు ఆ పేరు వింటే ఏడుస్తారని కూడా అనవచ్చు.

కాని ఆ గుర్రం మీద ఉన్నది కరాళదత్తుడు కాదు. పగటివేషాలు వేసుకుని ఊరూరా తిరిగి బతికే సారంగుడు. ఎవరినీ నమ్మక ఒంటరిగా ప్రయాణం చేసే అసలు కరాళదత్తుడు నిన్నటి సాయంత్రం నల్లవాగు అవతల కల్లు తాగడానికి ఆగాడు. ఆ కల్లులో ఉమ్మెత్తరసం కలిసింది. ఇప్పుడతను వాగు దగ్గర ఇప్పతోపులో, వేషగాళ్ళ గుడారాల్లో అన్నిటికన్నా చివరిదాంట్లో కాళ్ళూచేతులూ కట్టేసి పడి ఉన్నాడు. ఆ మత్తు పొద్దువాలేదాకా దిగదు. ఈలోగా సారంగుడు కోటలోని చెరలోకి వెళ్ళి తన అన్న మైలారుణ్ణి బయటికి తీసుకురావాలి.

మైలారుడు చేసిన నేరం ఏమిటంటే, వేషం వేశాడు.

వేషగాళ్ళ కులంలో ఒక కట్టడి ఉంది. మొహానికి రంగు పూసుకుని రంగులపెట్టెకు దండం పెట్టాక, మళ్ళీ మొహం కడుక్కునేదాకా సొంత పేరు నోటితో చెప్పకూడదు. పులివేషం వేసినవాణ్ణి పేరడిగితే గాండ్రిస్తాడు. బైరాగివేషం వేసినవాణ్ణి అడిగితే తత్వం చెబుతాడు. తల్లి వచ్చి పిలిచినా పలకడు. సొంత పేరు చెప్పిన క్షణాన వేషం చస్తుందనీ, చచ్చిన వేషం కుటుంబాన్ని పట్టి పీడిస్తుందనీ వాళ్ళ నమ్మకం. ఆనాడు మైలారుడు కిరీటం పెట్టుకుని రాజ్యం పోయిన రాజకుమారుడి వేషంలో పూలబజారులో ఆడుతున్నాడు. కాకులు వచ్చి, ఎవడ్రా నువ్వు అని గద్దించారు. వాళ్ళ కోపం చూసి అతను ఉప్పొంగిపోయాడు పాపం. వేషం బాగా కుదిరిందనుకున్నాడు. ఎడంచెయ్యి నడుము మీద వేసుకుని, "ఈ భూమికి ఒడయణ్ణి, ఈ సింహాసనానికి వారసుణ్ణి. కాలం కలిసిరాక మారువేషంలో తిరుగుతున్నాను," అని రాగం తీశాడు. జనం నవ్వారు. కాకులు నవ్వలేదు.

తరవాత రంగు కడిగి పేరు చెప్పాడు. ఇంత బాగా మొహం మార్చగలవాడు వేషగాడి వేషం మాత్రం వేయలేడా అన్నారు కాకులు. రాకుమారుణ్ణి కాదంటే అబద్ధమన్నారు, అవునంటే సాక్ష్యం అడిగారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తనవాళ్ళెవరో, ఎక్కడున్నారో మాత్రం ఇన్నాళ్ళూ అతను చెప్పలేదు. చెప్పి ఉంటే ఇప్పతోపులో ఈపాటికి గుడారాలు ఉండేవి కావు. సారంగుడికి ఆ సంగతి తెలుసు. తెలిసే వచ్చాడు.

కోటద్వారం దగ్గర ఇనుపకమ్మీ మీద మంత్రపు కాకి కూర్చుని ఉంది. గద్దంత ఒళ్ళు, గోళ్ళకు వెండి తొడుగులు. అది రంగును వాసన పట్టగలదు. పూత పూసిన మొహం, అతికించిన మీసం, దిద్దిన మచ్చ ఏది కనిపించినా ముందు కళ్ళు పొడుస్తుంది, తరవాతే అడిగేది. అందుకే సారంగుడు రంగు పూసుకోలేదు, రంగులపెట్టెకు దండం మాత్రం పెట్టాడు. రాత్రి కొడవలి మొన కాల్చి వాళ్ళ అమ్మ ఏకమ్మ అతని బుగ్గకు పెట్టింది. చిన్నప్పటి నుంచి కొడుకులిద్దరి మొహాలకూ అర్దళపు పసుపూ, సింధూరపు ఎరుపూ పూసిన చెయ్యి అది. నొప్పిగా ఉందా అని ఆమె అడగలేదు. అడిగితే చెయ్యి వెనక్కి వస్తుందని భయపడింది.

కాకి ఎగిరి వచ్చి సారంగుడి భుజం మీద వాలింది. మెడ వంచి ఒక కన్నుతో చూసి, ముక్కు తెచ్చి మచ్చలో గుచ్చింది. రక్తం చుబుకం దాకా కారింది. సారంగుడు రెప్ప వేయలేదు. కాకికి రంగు వాసన తగల్లేదు, మళ్ళీ వెళ్ళి కమ్మీ మీద కూర్చుంది. ద్వారపాలకుడు మాత్రం తల ఎగరేసి చూశాడు.

"పాతమచ్చ అని విన్నామే దొరా. పచ్చిగా ఉందేమిటి?"

"పాతమచ్చ మీద నీ కాకి కొత్తగాయం చేసింది," అన్నాడు సారంగుడు గుర్రం దిగకుండానే. "నీ పేరేమిటో చెప్పు. మంత్రిగారు నా మొహానికి ఏమైందని అడిగితే చెప్పాలి కదా."

ద్వారపాలకుడు గడియ తీసి, తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆ కోటలో చెర ఉన్నది నేలమాళిగలో కాదు, దిగుడుబావిలో. ఒకనాడు రాణులు జలక్రీడలాడిన బావి అది. దిగేకొద్దీ గోడలకు అప్సరసల బొమ్మలు, తామరతీగల చెక్కడాలు, దీపాలు పెట్టడానికి చిన్నచిన్న గూళ్ళు. నీళ్ళు ఇంకిపోయాక కాలజంఘుడు ఆ గూళ్ళకు కటకటాలు బిగించి మనుషుల్ని పెట్టాడు. ఊళ్ళో దాన్ని అత్తారిల్లు అంటారు. ఆ మాట అని నవ్వుతారు, నవ్వి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

చెర అధికారి గుండయ ఎదురొచ్చాడు. బొద్దుమనిషి, నోట్లో వక్క, నడుముకు కట్టు. మెట్లు దిగుతూ దిగుతూ ఆయాసపడి తన కష్టం చెప్పుకున్నాడు.

"గిలక లాగి లాగి నా నడుము పోయింది దొరా. రోజూ ఆముదం రాయించుకుంటే గాని పొద్దున లేవలేకుండా ఉన్నా. వీళ్ళకేం, వేలాడతారు. లాగేది మేం కదా."

సారంగుడు గూళ్ళ వంక చూస్తూ దిగాడు. ఒక గూట్లో గానుగ ఆడించే ముసలమ్మ. రాకుమారుడు పుట్టిన రోజున వాకిట్లో దీపం పెట్టిందట. అదే రోజున ఆమె మనవడు కూడా పుట్టాడు. ఆ సంగతి ఎంత చెప్పినా కాకులకు ఎక్కలేదు. ఇంకో గూట్లో గొర్రెలకాపరి. మంద చెదిరితే ఈల వేశాడు, ఎవరికి సైగ చేశావని తీసుకొచ్చారు. ఆ పక్కన ఉన్నవాడికి తనను ఎందుకు పట్టుకున్నారో తెలియదు. అందరికన్నా అతనికే ఎక్కువ దెబ్బలు పడ్డాయి, తెలిసీ చెప్పడం లేదని. ఎవరూ సారంగుడి మొహం చూడలేదు. అతని చెప్పుల చప్పుడు వినగానే గూటి లోపలికి జరిగారు. తన అడుగుల చప్పుడుకు మనుషులు భయపడటం సారంగుడు జీవితంలో ఎరగడు. అతను వస్తున్నాడంటే పిల్లలు ఎదురు పరిగెత్తేవారు.

అడుగున, ఎండిన బావి నేల మీద మైలారుడు కూర్చుని ఉన్నాడు. ముంజేతులు రెండూ కలిపి కట్టిన తాడు పైన గిలక మీదుగా వెళ్ళింది. సారంగుడు అతణ్ణి వెంటనే గుర్తుపట్టలేదు. ఇది చెప్పడానికే బాధగా ఉంది. రాజుగా కూర్చుంటే నిజం రాజులు చిన్నబోయే మనిషి, చిక్కి సగమయ్యాడు. కుడిచేతి వేళ్ళు వాచి వంకర్లు పోయాయి. భుజాలు ఉండవలసిన చోట లేవు.  సారంగుడు దవడలు బిగించాడు.

అతని ఉపాయం చిన్నదే. ఖైదీని సరిహద్దు కోటకు తరలిస్తున్నానని ముద్రిక చూపించి తీసుకుపోవడం. నోరు తెరిచి ఆ మాట అనబోయాడు. అంతలో బావి గోడ మీద ఒక అప్సరస నీడ కదిలింది. ఆ నీడ పొడుగై, గోడ నుంచి విడివడి, మెట్టు మీద కాలు పెట్టింది. సన్నని పొడుగాటి కాళ్ళు, చెవులకు పాముపడగల కుండలాలు, పసిపిల్లవాడికి జోలపాడే మెత్తని గొంతు.

"వచ్చావా కరాళదత్తా," అన్నాడు కాలజంఘుడు. "కొండజాతుల వాళ్ళచేత ఒక్క మాటతో నిజం చెప్పిస్తావని విన్నాను. చూడాలని ముచ్చటపడి వచ్చాను. కానియ్యి."

తప్పించుకునే దారి లేదు. సారంగుడు అన్నగారి ముందు నిలబడ్డాడు. వేషం ఒక్క వెంట్రుక జారినా ఇద్దరూ ఆ గిలక మీదే చస్తారు. గొంతు గరుకుగా చేసుకుని అడిగాడు.

"నీ పేరేమిటి?"

మైలారుడు తల ఎత్తలేదు. "తమరు ఏది చెప్పమంటే అది దొరా."

"నిజం పేరు చెప్పు."

"ఏది నిజమో తమరే సెలవియ్యండి దొరా. అదే చెబుతా."

గుండయ వక్క నములుతూ నవ్వాడు. "నాలుగు రోజులుగా తమరి పేరు చెప్పి భయపెడుతున్నా దొరా వీణ్ణి. కరాళదత్త దొర వస్తాడు, వచ్చాక నీ పని ఉంటుంది అని. తమరి మచ్చ గురించి కూడా చెప్పా."

సారంగుడికి ఆ మాట గుండెలో దిగింది. అన్న అందుకే తల ఎత్తడం లేదు. ఎత్తితే మచ్చ కనబడుతుంది. తన తల్లి చేత్తో పెట్టిన ఆ మచ్చే ఇప్పుడు అన్నను వణికిస్తోంది. ఒక్కసారి పైకి చూడు అన్నా, నా కళ్ళు చూడు, అని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాడు. మైలారుడు చూడలేదు.

"మాటలతో ఎంతసేపు?" అన్నాడు కాలజంఘుడు మెత్తగా. "ఎత్తమనవేం?"

గుండయ తాడు పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. సారంగుడు ఆ తాడు వంక చూశాడు. అనకపోతే ఏమవుతుందో తెలుసు, అంటే ఏమవుతుందో తెలుసు.

"ఎత్తు," అన్నాడు.

తాడు బిగిసింది. మైలారుడి పాదాలు ఇంకా నేల విడవలేదు. ఇన్నాళ్ళ దెబ్బలకూ పగలని మనిషి ఆ ఒక్క మాటకు పగిలిపోయాడు.

"చెబుతా, చెబుతా దొరా. నాకో తమ్ముడున్నాడు. సారంగుడు వాడి పేరు. రాకుమారుణ్ణి వాడే దాచాడు. నల్లవాగు అవతల ఇప్పతోపులో మా గుడారాలు. మా అమ్మ అక్కడే ఉంది. దించండి, నన్ను దించండి."

 కాలజంఘుడు వచ్చి సారంగుడి వీపు తట్టాడు. "ఇన్నాళ్ళూ వేళ్ళు విరిచినా వీడు ఈ పేరు చెప్పలేదు. నువ్వు ఒక్క మాటతో రాబట్టావు. విన్నది తక్కువే నీ గురించి."

ఆ మెప్పు సారంగుడికి కాల్చిన కొడవలి కన్నా ఎక్కువ మంట పెట్టింది. తన వేషం కుదిరింది. ఇంతబాగా ఎప్పుడూ కుదరలేదు. కుదరడం వల్లే అన్న ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టి దాచుకున్నది పోయింది. అయినా విలపించడానికి వ్యవధి లేదు. వెంటనే ఒక ఆలోచన తట్టింది.

"మహామంత్రీ, ఆ సారంగుడూ వేషగాడే," అన్నాడు. "ముసలమ్మగా కూర్చున్నా, మొండిచేతి బిచ్చగాడిగా పడుకున్నా మనం పోల్చలేం. వాణ్ణి పోల్చగలవాడు వీడొక్కడే. వీణ్ణి నాతో పంపండి."

కాలజంఘుడు కుండలాలు ఊగేలా తలాడించాడు. "తీసుకుపో. గుండయా, రౌతుల్ని తీసుకుని నువ్వూ వెళ్ళు. కాకిని కూడా తీసుకెళ్ళు. పొద్దువాలేలోగా ఆ గుడారాల్లో ఉన్నవాళ్ళంతా ఈ బావిలో ఉండాలి."

నల్లగుర్రం మీద అన్నను తన ముందు కూర్చోబెట్టుకుని సారంగుడు కోటద్వారం దాటాడు. అతను బావిలోంచి అన్నను పైకి తెచ్చాడు. కాని ఎక్కడికి తీసుకుపోతున్నాడు? సొంత గుడారాల మీదికి, సొంత తల్లి మీదికి, సారంగుణ్ణి పట్టుకోవడానికి సారంగుడే పోతున్నాడు. దారి తప్పిద్దామంటే దారి చెప్పేవాడు అన్నే. వెనక గుండయ, వాడి భుజం మీద కాకి, ఆ వెనక నల్లశాలువాల రౌతులు.

ఇక మిగిలింది నల్లవాగు ఒక్కటే. పై కొండల్లో వానలు పడి వాగు ఎర్రగా, నిండుగా పోతోంది. రేవు మధ్యలో నీళ్ళు గుర్రం మెడ దాకా వస్తాయి. అక్కడ జారి దూకితే, ప్రవాహం ఇద్దరినీ బండ చాటుకు లాక్కుపోతుంది. ఆ బండ వెనక జమ్ముగడ్డిలో చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ గంటలకొద్దీ దాక్కునేవారు. శాలువాల కింద ఇనుప కవచాలున్న కాకులు ఆ లోతులోకి దిగలేరు. అక్కణ్ణుంచి అడ్డదారిన గుడారాలకు ముందుగా చేరవచ్చు. అయితే అన్న ఊపిరి బిగబట్టాలి, కేక వెయ్యకూడదు. అంటే, ముందుగా చెప్పాలి.

వాగు దగ్గరపడుతుండగా మైలారుడే నెమ్మదిగా మాట్లాడాడు.

"దొరా, ఒక్క మనవి. మా తమ్ముణ్ణి గిలక మీద ఎత్తకండి. వాడి కుడిభుజం చిన్నప్పుడే జారింది, తాళలేడు. వాడి వంతు కూడా నన్నే ఎత్తండి. వాడు ఏ పాపమూ ఎరగడు. నేను అబద్ధం చెప్పాను."

సారంగుడికి కళ్ళు మసకలు కమ్మాయి. గుర్రం నీళ్ళలోకి దిగింది. రేవు మధ్య ఇంక నాలుగు బారల దూరంలో ఉంది. అతను అన్న చెవి దగ్గరికి వంగి, గరుకు గొంతు వదిలేసి, తన గొంతుతో అన్నాడు.

"అన్నా, నేనే. సారంగుణ్ణి. ఊపిరి బిగబట్టు, దూకుతున్నాం."

మైలారుడి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది.  తల వెనక్కి తిప్పి ప్రాణభయంతో అరిచాడు.

"గుండయ దొరా, ఈ దొర కూడా నా తమ్ముణ్ణంటున్నాడు. నేను నమ్మలేదు. చూశారు కదా, నేను నమ్మలేదు. మావాడైతే వేషం మీద సొంత పేరు చెప్పడు, చచ్చినా చెప్పడు. మా ఇంట్లో ఎవరూ చెప్పరు. నన్ను కొట్టొద్దు దొరా, నేను నమ్మలేదు."

అలా అరిచే మనిషిని పట్టుకుని దూకితే ఇద్దరూ మునుగుతారని సారంగుడు కళ్ళెం లాగి పట్టాడు. గుండయ గుర్రం నీళ్ళు చిమ్ముకుంటూ పక్కకు వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాడు సారంగుడు. గుండయ మాత్రం నడుము పట్టుకుని పగలబడి నవ్వాడు.

"తమరూ అదే ఎత్తు వేశారా దొరా. మొన్న మేమూ వేశాం. వీడు కలవరింతల్లో తమ్ముడూ తమ్ముడూ అంటుంటే మావాణ్ణొకణ్ణి, అన్నా నేనే, నీ తమ్ముణ్ణి అని చెప్పి పక్కన కూర్చోబెట్టాం. వాడి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చాడు గాని పేరు చెప్పి పిలవలేదు, గడుసుపిండం. ఆ కోపంతోనే వేళ్ళు విరిచాం. ఇప్పుడు బుద్ధొచ్చింది."

నవ్వుతూ మాట్లాడుతూనే గుండయ సారంగుడి గుర్రం కళ్ళెం పట్టుకుని, పెద్దమనిషికి సాయం చేస్తున్నట్టు ఒడ్డు దాకా నడిపించాడు. రేవు మధ్య దాటిపోయింది. బండ దాటిపోయింది. జమ్ముగడ్డి గాలికి అటూ ఇటూ ఊగుతూ వెనకబడింది. అన్న తనను నమ్మనందుకు సారంగుడికి కోపం రాలేదు. తానే కట్టడి తప్పాడు. అన్న ఇంకా కట్టడి మీద నిలబడి ఉన్నాడు. ఆ బావిలో వాళ్ళు అతని దగ్గర లాక్కోలేకపోయింది అదొక్కటే. అది తలచుకుని సారంగుడు గుర్రం మీదే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వాగునీళ్ళు మొహాన చిందాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఇప్పతోపు కనబడింది. చెట్లకింద రాలిన పూల వాసన, దూరంగా పొయ్యి పొగ, నాలుగైదు గుడారాలు. ఒకే గుర్రం మీద కొడుకులిద్దరూ రావడం చూసి ఏకమ్మ చేతులు చాచి పరుగెత్తుకుంటూ వచ్చింది. సగం దూరం వచ్చాక వెనకనున్న నల్లశాలువాలు ఆమె కంటబడ్డాయి. నిలబడిపోయింది. ఆమె వేషగాళ్ళ ఇంట్లో పుట్టి, వేషగాళ్ళ ఇంట్లో మెట్టిన మనిషి. వేషం మీద ఉన్నవాణ్ణి తల్లయినా పేరు పెట్టి పిలవదు. చాచిన చేతులు జోడించి, తన చిన్నకొడుకు కాళ్ళ ముందు నేలకు వంగింది.

"దండాలు దొరా. ఒకణ్ణి తీసుకుపోయారు. మళ్ళీ ఎవరి కోసం వచ్చారు?"

 గుండయ గుర్రం దిగాడు.

"నీ చిన్నకొడుకు ఎక్కడే ముసలీ?"

"ఊళ్ళ మీదికి పోయాడు బాబూ. ఎప్పుడొస్తాడో ఏం చెప్పను."

రౌతులు గుడారాలు ఒక్కొక్కటే గాలించారు. కిరీటాలు, పులితోళ్ళు, రంగులపెట్టెలు బయటపడ్డాయి. పొద్దు ఇప్పచెట్ల నడిమికి వాలింది. ఇంక చివరి గుడారమొక్కటే మిగిలింది. గుండయ అటు నడుస్తుండగా లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. కరాళదత్తుడి మత్తు దిగుతోంది.

"ఎవరున్నారు లోపల?"

"అమ్మవారు పోసింది బాబూ మా తోడికోడలికి," అంది ఏకమ్మ తొణక్కుండా. "ఒళ్ళంతా చీము. దగ్గరికి పోయినవాళ్ళెవరూ బాగుపడలేదు."

గుండయ ఆగిపోయాడు. ఒకడుగు వెనక్కి వేశాడు. శాలువా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెనకనున్న రౌతులు అంతకన్నా దూరం జరిగారు. సారంగుడు, "పదండి, వాడిక్కడ లేడు," అని చెప్పడానికి నోరు తెరిచాడు.

గుర్రం మీద నుంచి మైలారుడు తల్లి వంక చూశాడు. బావిలోంచి వచ్చాక అతను ఒక మనిషి మొహం సూటిగా చూడటం అదే మొదలు. విరిగిన చెయ్యి ఎత్తి ఆ గుడారాన్ని చూపించాడు. చిన్నపిల్లకు నచ్చజెబుతున్నట్టు, ఎంతో ప్రేమగా అన్నాడు.

"తమ్ముడు అందులోనే ఉన్నాడు కదమ్మా. అబద్ధమాడకు. చెప్పెయ్యి. చెబితే కొట్టరు."

గుండయ ముక్కు మీంచి కొంగు తీసేసి, గుడారం తాడు మీద చెయ్యి వేశాడు. సారంగుడు గుండయ మీదికి కత్తి దూశాడు.